పిన్నీసు పెట్టిన పేజీ

లైబ్రరీ పీరియడ్. లైబ్రేరియన్ మాలకొండయ్య చేతిలో పుస్తకం ఉంది. ఎదురుగా తొమ్మిదో తరగతి ఉంది. ఆ రెంటికీ సంబంధం తెగిపోయి మూడేళ్లయింది.

"ఇది ఎవరన్నా చదివారా?" అని పుస్తకం పైకెత్తి చూపించాడు. పేరు ‘తూము తెరిచిన పిల్ల’. అట్ట చిరిగిపోతే తనే మందపాటి కాగితం అతికించాడు.

క్లాసంతా చెయ్యెత్తింది.

"ఎక్కడ చదివారు?"

"పోశారు సార్," అన్నాడు ముందు బెంచీ కుర్రాడు. "పోయినేడు వానలప్పుడు పోశారు."

లైబ్రరీలో సగం ఇప్పుడు పోసే గది. పుస్తకాల బీరువాలను ఒకదాని మీద ఒకటి పడేలా గోడకు నెట్టి, ఖాళీ అయిన చోట కుర్చీలు వేశారు. ప్రతి కుర్చీకీ ఒక పట్టీ వేలాడుతుంటుంది. పిల్ల కూర్చుంటుంది. పట్టీ నుదుటికి కడతారు. పళ్లెం ఉప్మా తినేంతసేపట్లో పుస్తకం మొత్తం తలలో ఉంటుంది. తానే ఎప్పుడో చదివి, ఇష్టపడి, దాచుకున్నట్టుగా ఉంటుంది. ఎక్కడో ప్రయోగశాలలో ఒక మనిషి తలకు టోపీ పెట్టుకుని ఆ పుస్తకాన్ని నిజంగా చదువుతాడు. చదివేటప్పుడు ఆ మనిషి కళ్ల ముందు కదిలిన బొమ్మలూ, గొంతులో అడ్డం పడిన ఏడుపూ, నవ్వూ యంత్రం పట్టుకుంటుంది. అదే పిల్లలందరికీ పోస్తారు.

"ఒకరు నమిలి ఉమ్మింది ఊరందరికీ పెట్టడం," అని మాలకొండయ్య హెడ్మాస్టరుతో అన్నాడు, కుర్చీలు దిగిన రోజున.

"మీకు కొత్తదంటే పడదండీ," అన్నాడు హెడ్మాస్టరు.

పడదు. నిజమే. అయినా వారానికి రెండు పీరియడ్లు పుస్తకం పట్టుకుని క్లాసు ముందు నిలబడటం మాలకొండయ్య మానలేదు. ఒక్కడైనా చెయ్యి చాచి అడుగుతాడేమోనని. ఇంతవరకు ఎవడూ అడగలేదు.

"సరే, పోశారు. రాజు ఎట్టా ఉంటాడో చెప్పండి."

పుస్తకంలో రాజు మొహం గురించి ఒక్క ముక్క లేదు. పిల్లలు నీళ్లు నములుతారు, అప్పుడు నాలుగు చివాట్లు పెట్టొచ్చు అనుకున్నాడు. పిల్లలు నీళ్లు నమల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు.

"ఏంది నవ్వు? గ్రీష్మా, లేచి చెప్పు."

రెండో వరసలో పిల్ల లేచింది. సన్నగా ఉంటుంది. కళ్ల కింద నలుపు. "చెప్తే తిడతారు సార్."

"చెప్పకపోయినా తిడతా. చెప్పు."

"మీలాగే ఉంటాడు సార్."

క్లాసు గొల్లుమంది. గ్రీష్మ ధైర్యం తెచ్చుకుంది. "ఎడం చెవి తమ్మె చీలి ఉంటది. కోపమొస్తే దాన్నే పట్టుకుని లాక్కుంటా ఉంటాడు."

మాలకొండయ్య చెవి మీద నుంచి చెయ్యి తీశాడు. చిన్నప్పుడు పోగు గేదె కొమ్ముకు తగులుకుని చీలిన తమ్మె అది. రోజూ చూసే మొహం కాబట్టి అంటించుకుని ఉంటారని సర్దుకున్నాడు.

"కోట వెనక ఏముంది?"

అదీ పుస్తకంలో లేదు. ఈసారి క్లాసంతా కలిసి చెప్పింది, ఎక్కం అప్పజెప్పినట్టు. బావి ఉంటుంది. బావికి గిలక ఉండదు. రాతి స్తంభానికి తాడు కట్టి ఉంటుంది. పక్కన సీతాఫలం చెట్టు. చెట్టు కొమ్మకు ఎర్ర రిబ్బను.

పుస్తకం మాలకొండయ్య చేతిలోంచి జారి బల్ల మీద పడింది.

ఆ బావి గుండ్లకమ్మ ఒడ్డున ఒక ఇంటి వెనక ఉండేది. ఇల్లు పడిపోయింది, బావి పూడ్చేశారు. రిబ్బను కట్టిన మనిషి చచ్చిపోయింది. ఆ సంగతి తెలిసినవాడు భూమ్మీద తనొక్కడే. ఆ మనిషి పేరు అంకమ్మ. తన భార్య.

బల్ల మీద పడ్డ పుస్తకం వెల్లకిలా తెరుచుకుంది. చివరి ఆకు మాత్రం తెరుచుకోలేదు. వెనక అట్టకు కలిపి పిన్నీసు పెట్టి ఉంది. పిన్నీసు తుప్పు పట్టింది.

అతను ఆ పిన్నీసునే చూస్తూ అడిగాడు. "కథ చివర ఏమవుతుంది?"

నవ్వులు ఆగిపోయాయి.

"రాజు మాట కాదని తూము తెరిచి వెళ్లిపోయిన పిల్ల తిరిగొచ్చి కోట తలుపు దగ్గర నిలబడుతుంది సార్, వానలో," అంది గ్రీష్మ. "రాజు లోపల కూర్చుని ఉంటాడు. ఆ తర్వాత..." ఆగింది. "అదే సార్ రావట్లా. ఎంత గింజుకున్నా రావట్లా. కళ్లు మూస్తే ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంటది."

"నాకూ అంతే సార్," అన్నాడు ముందు బెంచీ కుర్రాడు. "ఈ కథే కాదు. అన్నీ అంతే."

*

అంకమ్మ ఆ బడిలోనే తెలుగు టీచరుగా చేసింది. ఆమె కథ చదివి వినిపిస్తుంటే గంట కొట్టినా పిల్లలు లేచేవాళ్లు కాదు. కాని ఏ కథనూ చివరిదాకా చదివేది కాదు. ఆఖరి ఆకు రాగానే ఆపేది. నల్లపూసల దండకు ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు గుచ్చి ఉండేవి. అందులో ఒకటి తీసి, ఆ ఆకును అట్టకు గుచ్చేసేది.

"మిగతాది నా నోట చెప్పను. కావాలంటే లైబ్రరీకి పోయి, పిన్నీసు తీసుకుని చదువుకోండి. చదివినాక మళ్లా పెట్టేయండి."

పిల్లలు గొణుక్కుంటూ వచ్చేవాళ్లు. ఒక్క ఆకు కోసం వచ్చినవాళ్లు పక్కనున్న పుస్తకం తిరగేసేవాళ్లు. మాలకొండయ్య చెయ్యాల్సిన పనిలో సగం ఆ పిన్నీసులే చేసేవి.

అట్లా వచ్చినవాళ్లలో హిమబిందు ఒకతె. తండ్రి పలకరాళ్ల గనిలో కూలి. ఆ పిల్ల లైబ్రరీ తాళం తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చునేది. పెద్దదయింది. మెదడు గురించి చదివింది. ధారణ అనే ప్రయోగశాలలో పెద్ద స్థానంలో కూర్చుంది. ఒక ఎండాకాలం కారు దిగి, అంకమ్మ కాళ్లకు దండం పెట్టింది.

"మీలాంటి టీచరు దొరకని పిల్లలకు మిమ్మల్ని ఇద్దామని వచ్చాను టీచర్. మీరు చదివితే చాలు."

అంకమ్మ పొంగిపోయింది. లైబ్రరీ పుస్తకాలు సంచీలో పెట్టుకుని వెళ్లింది. ప్రయోగశాలవాళ్లు కొత్త ప్రతులు కొనిస్తామంటే వద్దంది. తన పుస్తకాలే చేతికి అలవాటని చెప్పింది. రెండు ఎండాకాలాలు ఆ కుర్చీలో కూర్చుంది. ఇంటికొచ్చాక తలకు తడిగుడ్డ చుట్టుకుని పడుకునేది. కళ్లు మూసినా అక్షరాలు కదులుతున్నాయనేది.

"మానెయ్," అన్నాడు మాలకొండయ్య.

"ఇంకా కొన్నే ఉన్నాయి," అంది.

ఆ దసరాకు గోంగూర వలుస్తూ వలుస్తూ పక్కకు ఒరిగింది. తలలో నరం చిట్లిందన్నారు. రక్తపోటు అన్నారు ప్రయోగశాలవాళ్లు. తమ కుర్చీకి దానికి సంబంధం లేదన్నారు. పెద్దకర్మ కాకముందే మాలకొండయ్య ఫోను చేశాడు. "ఆమె చదివినదాంట్లో ఒక్క అక్షరం కూడా మీ దగ్గర ఉండకూడదు. చెరిపేయండి."

"అట్లాగే సార్. చెరిపేశాం," అంది హిమబిందు.

చెరపలేదు. పట్టీల్లో పెట్టి ఊరూరా పంపించారు. ఆఖరికి అంకమ్మ పిల్లల్ని పంపిన గదిలోనే, అంకమ్మ మొగుడి కళ్ల ముందే, అంకమ్మను పిల్లలకు పోశారు. అతను మూడేళ్లు ఆ కుర్చీల దుమ్ము తుడిచాడు.

*

గ్రీష్మ తల్లి బడికి వచ్చింది. మిరపకోతల మధ్యలో వచ్చింది. కొంగు నుంచి ఘాటు కొడుతోంది. పిల్లను రెక్క పట్టుకుని లాక్కొచ్చి హెడ్మాస్టరు ముందు నిలబెట్టింది.

"అయ్యా, ఒక్కో కథ పోసేకొద్దీ నిద్ర తగ్గి, ఇప్పుడీ పిల్ల అసలు కన్ను మూయట్లా. కూడు తినట్లా. తలుపు, తలుపు అంటది. ఏం పోశారయ్యా మీరు?"

"కథేనమ్మా. మంచి కథ. చివర కొంచెం సాంకేతిక లోపం ఉందంట, సరిచేస్తారు."

"నాకు కథలు తెలవ్వు. నా బిడ్డ నిద్ర నాకియ్యండి, చాలు."

మాలకొండయ్య గుమ్మంలో నిలబడి వింటున్నాడు. లోపలికొచ్చి, పిల్లను కూర్చోబెట్టి, ఆ కథ ముగింపు నోటితో చెప్పాడు. గ్రీష్మ బుద్ధిగా విన్నది. తలూపింది.

"విన్నాను సార్. చెవికి ఎక్కింది. లోపల మాత్రం ఆ పిల్ల ఇంకా వానలోనే ఉంది."

అప్పటికే అన్ని ఊళ్ల నుంచీ ఇదే గోల. ధారణ నుంచి బండి వచ్చింది. బాగా దెబ్బతిన్న పిల్లల్ని ప్రయోగశాలకు తీసుకుపోయి నయం చేస్తామన్నారు. గ్రీష్మ తల్లి బండి ఎక్కబోతూ వెనక్కి తిరిగింది.

"మీరూ రండి సారూ. ఆ డాక్టర్లతో మాట్లాడే నోరు నాకు లేదు."

"నాకుంది," అని మాలకొండయ్య బండెక్కాడు. ‘తూము తెరిచిన పిల్ల’ చంకలో పెట్టుకున్నాడు.

*

గాజు గోడ అవతల గ్రీష్మ కుర్చీలో ఉంది. నుదుటికి పట్టీ ఉంది. ఇవతల తల్లి, మాలకొండయ్య, హిమబిందు. హిమబిందు జుట్టు సగం నెరిసింది. అతని కళ్లలోకి చూడటం లేదు.

"ఆఖరి ఆకు ఇంకొకరి చేత చదివించాం సార్. బాగా చదివే కుర్రాడే. దాన్ని అతికిస్తున్నాం."

"అతికించండి మేడమ్. చూద్దాం."

చిన్నప్పటి నుంచి "అమ్మాయ్" అని పిలిచిన నోరు అది. మేడమ్ అనేసరికి హిమబిందు తల దించుకుంది.

యంత్రం సన్నగా మోగింది. గ్రీష్మ మొహం కాసేపు ప్రశాంతంగా ఉంది. తర్వాత ఒళ్లంతా బిగుసుకుంది. పట్టీ పీకేసుకుని కుర్చీ పక్కకు వంగి వాంతి చేసుకుంది. తల్లి తలుపు తోసుకుని పరిగెత్తింది.

"రాజుకు రెండు మొహాలున్నయ్యమ్మా," అని ఏడ్చింది పిల్ల. "ఒకటి సార్ మొహం. ఒకటి ఎవరిదో. ఒకదాంట్లోంచి ఒకటి వస్తంది."

మాలకొండయ్య అటు చూస్తూనే అన్నాడు. "వచ్చినవాళ్లందరికీ ఇట్టాగే చేశారా?"

"కొందరికి," అంది హిమబిందు. "సార్, ఒకటే దారి ఉంది. టీచర్ తల్లో ఉన్న బొమ్మలకు దగ్గరగా ఉండే బొమ్మలు కావాలి. ఆ బావి మీకు తెలుసు. ఆ ఇల్లు తెలుసు. ఇన్నేళ్లు ఒకే అన్నం తిన్నారు. మీరు ఆ కుర్చీలో కూర్చుని ఆఖరి ఆకులు చదివితే అతుక్కుంటాయి."

పక్క గదిలో కుర్చీ ఉంది. చేతులు పెట్టుకునే చోట తోలు అరిగిపోయింది. ఎడం చేతి వైపు ఎక్కువ అరిగింది. అంకమ్మ పుస్తకం కుడి చేత పట్టుకుని, ఎడం చేత్తో కుర్చీని గోకుతూ చదివేది. ఇంట్లో పడక్కుర్చీ కూడా అట్లాగే గోకి పాడు చేసింది.

మాలకొండయ్య కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు.

"ఆమె చదివినవన్నీ ఉన్నాయి సార్," అంది హిమబిందు మెల్లగా. "మీరు ఒప్పుకుంటే అవి మీకు పోస్తాను. టీచర్ చూసినట్టే చూడొచ్చు. మీరు చాలా పుస్తకాల్లో ఉన్నారు సార్. రాజుగా ఉన్నారు, దొంగగా ఉన్నారు. ఒకచోట కుక్కగా కూడా ఉన్నారు."

"కుక్కా?"

"కరవదు సార్. మొరుగుతుంది. అంతే."

నవ్వు రాబోయింది. అతను అరిగిన తోలు మీద చెయ్యి పెట్టాడు. ఒక్క పూట కూర్చుంటే చాలు. ఆ బావి, ఆ రిబ్బను, తనను అంకమ్మ ఏ కంటితో చూసిందో ఆ చూపు, అన్నీ తలలోకి వస్తాయి. మళ్లీ పోవు. ఇంటికి వెళితే ఖాళీ పడక్కుర్చీ తప్ప ఏమీ లేదు.

"ఒకటి అడుగుతాను. సూటిగా చెప్పు," అన్నాడు. "ఆమెను చంపింది ఈ కుర్చీయేనా?"

"తెలియదు సార్."

"తెలియదా, తెలుసుకోలేదా?"

"తెలుసుకోలేదు," అంది హిమబిందు. "ఇక్కడ కూర్చుని చదివిన ఇంకొకాయనకు కూడా అట్లాగే అయింది. అప్పుడన్నా ఆపాల్సింది. ఆపితే పట్టీలు ఆగిపోయేవి. పిల్లల కోసం అనుకున్నాం."

"చెరిపేశామని ఎందుకు చెప్పావు?"

"చెరపబుద్ధి కాలేదు సార్. అవి ఆమె..."

"నీవి కావు."

అతను చంకలో పుస్తకం తీసి, వెనక అట్ట ఆమె మొహం ముందు పెట్టాడు. పిన్నీసు చూడగానే హిమబిందు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"లోపం అంట, లోపం. నీ యంత్రంలో లోపం లేదు. ఆమె ఇక్కడ కూడా ఆఖరి ఆకు చదవలేదు. మీ పట్టీలు ఎన్ని తలల్లోకి పోయినా, ఒక్క ఆకు కోసమన్నా పిల్లలు పుస్తకం దగ్గరకు రావాలని గుచ్చి పెట్టింది. ఇంతమంది ఉన్నారే ఇక్కడ, ఒక్కడన్నా పట్టీలో పెట్టిన పుస్తకాన్ని చివరిదాకా చదివి సరిచూశాడా? ఎవడూ చదవలేదు. నువ్వన్నా చూడలేదే."

"నేను చిన్నప్పుడే చదివాను సార్. గుర్తున్నాయని మళ్లీ చూడలేదు."

"చదవాల్సిన పని లేకుండా చేద్దామని బయలుదేరినవాళ్లు మీరు. మీకెందుకు చదువు."

గ్రీష్మను తల్లి నీళ్లతో మొహం కడిగి తీసుకొచ్చింది. మాలకొండయ్య పిల్ల భుజం మీద చెయ్యేశాడు.

"పదండి పోదాం. ఆఖరి ఆకు పుస్తకంలో ఉంది. పుస్తకంలోనే చదువుకుంటుంది."

"వాళ్లు చదవలేరు సార్," అంది హిమబిందు. "మూడేళ్లుగా పేజీ ముట్టుకోలేదు. లైను మీద కళ్లు నిలవవు. మేం ప్రయత్నించాం."

"ఎంతసేపు ప్రయత్నించారు?"

హిమబిందు కుర్చీ వైపు చూసింది.

"నన్ను కూర్చోబెడితే ఇయ్యాల ఆఖరి ఆకులు తీస్తారు. రేపు మొదటి ఆకులు తీస్తారు. నేనూ ఒరిగిపోయాక ఇంకొకణ్ణి వెతుక్కుంటారు. కూర్చోను." గుమ్మం దాటబోయి ఆగాడు. "ఆ పిల్లకు ఈ ఆకు దిగితే ఫోను చేస్తాను. అప్పుడు ప్రతి బడికీ పుస్తకాలు పంపించు. పుస్తకం పక్కన కూర్చోడానికి ఒక మనిషిని కూడా పంపించు. పట్టీలు తీసుకుపో. చెయ్యకపోతే నువ్వు ఇప్పుడు చెప్పిందంతా ఈ తల్లితో మొదలుపెట్టి ప్రతి తల్లికీ చెప్తాను."

*

మధ్యాహ్నం అన్నాలయ్యాయి. లైబ్రరీలో పోసే కుర్చీలు వరండాలోకి విసిరేసి ఉన్నాయి. విసిరింది మాలకొండయ్యే. హెడ్మాస్టరు వచ్చి చూసి, అతని మొహం కూడా చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

తుప్పు పట్టిన పిన్నీసు రాలేదు. గోటితో లాగితే వేలికి గుచ్చుకుంది. రక్తం చొక్కాకు తుడుచుకుని, మళ్లీ లాగి తీశాడు. పుస్తకం నాలుగు ఆకులు వెనక్కి తిప్పి గ్రీష్మ ముందు పెట్టాడు.

"ఇక్కడ్నుంచి."

"ఆఖరిది ఒక్కటే కదా సార్ కావాల్సింది?"

"పరిగెత్తకుండా దూకుతావా? ఇక్కడ్నుంచి."

పిల్ల వేలు పెట్టి మొదలుపెట్టింది. నాలుగు మాటలు చదివి ఆగింది. కళ్లు పక్కకు పోయాయి. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ పోయాయి. నుదుటి మీద చెమట పట్టింది.

"రావట్లా సార్. అక్షరాలు తెలుస్తున్నయ్. ఏం కనపడట్లా."

"మళ్లీ చదువు."

"కనపడట్లా అంటుంటే."

"ఎవరో చూపిస్తే చూసే అలవాటు పడ్డావు. ఇక్కడ ఎవరూ చూపించరు. మళ్లీ చదువు."

గడపలో కూర్చున్న తల్లి, "చిన్న పిల్ల సారూ," అంది.

"చిన్న పిల్ల కాబట్టే."

గ్రీష్మ ఏడ్చింది. పుస్తకం తోసేసింది. అతను పుస్తకాన్ని మళ్లీ దగ్గరకు జరిపాడు. ఓదార్చలేదు. లేచి వెళ్లిపోనూ లేదు. ఒక్క మాట కూడా అందించలేదు. పిల్ల ఒక లైను చదివి, అదే లైను మళ్లీ చదివి, కిందకు దిగింది. ఎండ బల్ల మీద నుంచి జరిగి బీరువా ఎక్కింది. ఆడుకునే పిల్లల గోల తగ్గింది. గ్రీష్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఒకచోట వేలు ఆగింది. పిల్ల తలెత్తి కిటికీ వైపు చూసింది. కిటికీలో ఏమీ లేదు.

"వాన," అంది. "వాన వాసన వచ్చింది సార్."

"చదువు."

చివరి ఆకు తిప్పింది. కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"‘తలుపు అవతల నుంచి రాజు గొంతు వినిపించింది. గడియ తీసే ఉంది. తోసుకుని రా. నేను మాత్రం లేవను.’" ఆకు అటూ ఇటూ తిప్పి చూసింది. "అంతేనా?"

"అంతే."

"క్షమించాడా సార్?"

"క్షమించాడని రాసి ఉందా?"

"లేదు."

"మరి నన్నడుగుతావేం?"

పిల్ల ఆలోచించింది. "లేవను అన్నాడు. గడియ మాత్రం ముందే తీసి పెట్టుకున్నాడు. భలే మొండోడు సార్." నవ్వింది. ఆవలించింది. "ఇప్పుడు మీలాగా లేడు సార్ రాజు. మా తాతలాగా ఉన్నాడు. పొట్టిగా. చెవులు బాగానే ఉన్నయ్."

మాలకొండయ్య వేలు నొక్కి పట్టుకున్నాడు. "కోట వెనక బావి?"

"ఏం బావి సార్?"

అతను జవాబు చెప్పేలోపే గ్రీష్మ తల పుస్తకం మీదకు వాలిపోయింది. తల్లి వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. నిద్ర. ఆమె గోడకు చేరగిలబడి కొంగు మొహానికి కప్పుకుంది.

మాలకొండయ్య బీరువాల వైపు చూశాడు. ఎన్ని పుస్తకాలకు పిన్నీసులున్నాయో, ఒక్కో పిన్నీసు వెనక ఎంతమంది పిల్లలున్నారో అతనికి తెలుసు. ఒక్కొక్కరు చదివేకొద్దీ ఒక్కో తలలో బావి పూడిపోతుంది. రిబ్బను ఊడిపోతుంది. అంకమ్మ పోతుంది. ఇంతమందిలో బతికి ఉందని తెలిసిన వారానికే, ఇంతమందిలోంచీ తన చేత్తోనే తీసెయ్యాలి. మందు కూడా ఆమె పెట్టిందే. గుచ్చేటప్పుడు మొగుడి కోసం ఒక్క తల మిగల్చాలని అనుకోలేదు. అంకమ్మ మీద ఇంత కోపం ఆమె బతికి ఉన్నప్పుడు కూడా రాలేదు.

ఫోను తీసి ప్రయోగశాలకు చేశాడు. "దిగింది," అని చెప్పి పెట్టేశాడు.

*

మర్నాడు పిల్లలు లైబ్రరీ ముందు వరస కట్టారు. గ్రీష్మ నిద్రపోయిందన్న వార్త ఊరంతా పాకింది. నిద్ర కోసం వచ్చినవాళ్లే అందరూ. పుస్తకం మీద ప్రేమతో ఎవడూ రాలేదు. మాలకొండయ్య దానికేం బాధపడలేదు. అంకమ్మ పిన్నీసు పెట్టిన రోజుల్లో కూడా గొణుక్కుంటూనే వచ్చారు.

ఒక్కొక్కరినీ బల్ల దగ్గరకు పిలిచాడు. పుస్తకం చేతికివ్వకముందు ప్రతి ఒక్కరినీ ఒకే మాట అడిగాడు.

"బావి ఎట్టా ఉందో చెప్పు."

"ఈ కథలోనూ అదే బావి సార్. గిలక లేదు. రాతి స్తంభం ఉంది. తాడు నీళ్లలోకి వేలాడతంది."

"రిబ్బను?"

"ఎర్రది సార్. గాలికి కొంచెం ఎగురుతంది."

చెప్పినంతసేపూ కళ్లు మూసుకుని వినేవాడు. తర్వాత పిన్నీసు లాగి, డబ్బా మూతలో వేసి, పుస్తకం చేతిలో పెట్టేవాడు. "నాలుగు ఆకులు వెనక నుంచి. కనపడకపోతే మళ్లీ చదువు. నన్ను అడగొద్దు."

ముందు బెంచీ కుర్రాడు ఆ సాయంత్రం పుస్తకం తిరిగిచ్చేటప్పుడు వెళ్లకుండా నిలబడ్డాడు.

"ఏంది?"

"దీని మొదలు కూడా చదవొచ్చా సార్? పోసిందాంట్లో ఉన్నట్టే ఉంటదా, వేరేగా ఉంటదా?"

"చదివి నువ్వే చెప్పు నాకు."

కుర్రాడు పుస్తకం మళ్లీ తీసుకున్నాడు. చెయ్యి చాచి అడిగిన మొదటివాడు. మాలకొండయ్య మొహంలో ఏమీ కదల్లేదు.

వారం తిరక్కముందే లారీ వచ్చి పట్టీలు ఎక్కించుకుపోయింది. ఇంకో లారీలో పుస్తకాలు వచ్చాయి. ప్రయోగశాలకు తాళం పడిందని ఒకరన్నారు, హిమబిందు తనంతట తానే అంతా బయటపెట్టిందని ఇంకొకరన్నారు. మాలకొండయ్య ఎవరినీ అడగలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె వచ్చింది. కారులో రాలేదు, పొదిలి బస్సు దిగి నడిచి వచ్చింది. భుజానికి గుడ్డసంచీ ఉంది. చెప్పులు మెట్ల కింద విడిచి, చిన్నప్పుడు కూర్చున్న మెట్టు మీదే నిలబడింది. లోపల పిల్లలు బల్లల మీదకు వంగి ఉన్నారు. పెదాలు కదిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఇద్దరు ముగ్గురు ఏడుపు మొహాలతో ఉన్నారు. వాళ్ల పక్కన కూర్చోడానికి మనిషి చాలడం లేదు.

"సార్," అంది.

మాలకొండయ్య తలెత్తి చూశాడు. చెయ్యి చీలిన చెవి మీదకు వెళ్లింది.

"మెదడంతా చదివినదానివి," అన్నాడు. "ఆ మూల పిల్లవాడికి రెండో పేజీ దగ్గర కళ్లు నిలవట్లేదు."

ఆమె ఇంకా మెట్టు మీదే ఉంది, రమ్మంటాడేమోనని.

తలుపు తీసే ఉంది. మాలకొండయ్య లేవలేదు.